భామ జడ వేసిన పందెం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ సభకు కనబడుతుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లగానే మంట భగ్గున లేస్తుంది. ఆ వెలుగులో తెర మీదుగా పొడవాటి జడ ఒకటి జారి ఇవతలికి వేలాడుతుంది. సూర్యచంద్రుల బిళ్లలూ నాగరమూ జడకుప్పెలూ అన్నీ ఉన్న ఆ జడను సింగారం చూపడానికే వేయలేదు, పందెం కాసి వేశారు. నన్ను మించి ఆడగలవాళ్లు ఈ సభలో ఉంటే వచ్చి దీన్ని కోసుకుపోవచ్చునని దాని తాత్పర్యం. ఆ సవాలు విసిరే సత్యభామ, సంప్రదాయం ప్రకారం, మగవాడు. కూచిపూడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్న కట్టుబాటు సిద్ధేంద్రయోగి పేరు మీద తరతరాలుగా నడిచింది. ఆడవేషమూ పోటీయూ ఒకే రంగస్థలం మీద కలిసి కనబడటం మనకు టీవీతో వచ్చిన కొత్త కాదు.

టీవీ మాట ఎందుకంటే, అమెరికాలో 2009లో మొదలైన ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’ అనే పోటీ ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోనూ కనబడుతోంది. డ్రాగ్ అంటే ఆడవేషం కట్టి ఆడి, పాడి, మాట్లాడి మెప్పించే కళ. ఆ పోటీలో వెనకబడిన ఇద్దరు ఒక పాటకు పెదవి కదుపుతూ ఆడతారు, ఓడినవారు ఇంటికి పోతారు. నా దృష్టిలో అసలు సంగతి 2012లో మొదలైన దాని రెండో శాఖలో, ‘ఆల్ స్టార్స్’లో ఉంది. అందులోకి వచ్చేవాళ్లంతా ముందు పోటీల్లో ఆడి వెళ్లినవాళ్లే. 2022 నాటి ఏడో ఆవృత్తిలోనైతే అందరూ పాత విజేతలే. ఒక్కరినీ మధ్యలో పంపించకుండా చివరిదాకా ఆడించారు, జింక్స్ మాన్సూన్ గెలిచింది. తిరిగి వచ్చినవాళ్లకు కొత్తదనం అండగా ఉండదు. మగవాడు ఇంత అందమైన ఆడదానిలా ఎలా తయారయ్యాడన్న ఆశ్చర్యం మొదటిసారికే ఖర్చయిపోతుంది. రెండోసారి చూసేవాడు పోయినసారి కంటే ఏం ఎక్కువ చేశావని అడుగుతాడు. స్త్రీవేషధారణ విలువ తేలేది ఈ ప్రశ్న దగ్గరే. మన సంప్రదాయం మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడిందని, దాన్ని తీర్థాల్లో మళ్లీ నిలబెట్టుకోవలసిన అవసరం ఉందని నా వాదన.

ముందు పనితనం చూద్దాం. పాతరోజుల్లో ముఖానికి అరదళం పూసేవారు. కాగడా వెలుగులో ఆ పసుపు ఛాయ నిగ్గుదేలుతుంది. తేలిక కొయ్యతో చేసి బంగారు రంగు వేసిన నగలు పెట్టేవారు, రాత్రంతా గంతులు వేసేవాడి మెడకూ భుజాలకూ బరువు కాకూడదు కదా. సవరం కట్టి జడ అల్లడం, పాపిడి బిళ్ల నుదుట కుదిరేలా చూడటం, చీర కుచ్చెళ్లు అడుగుకు అడ్డం పడకుండా దోపడం, ఇవన్నీ గంటల పని. అయినా ఇదంతా నేపథ్యంలో అయిపోయే పనే. ఆ తర్వాత శరీరం చేయవలసిన పని మొదలవుతుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా రావాలి. భుజాల వెడల్పు తగ్గి కనబడాలి. అంగ కురచ కావాలి. చూపు ఎదుటివాడి మీద పడేముందు ఒక్క క్షణం ఆగాలి. చెలికత్తె మాధవి ‘నీ భర్త పేరేమిటి’ అని సత్యభామను అడిగిన ఘట్టం చూడండి. ఆమె గర్వి, అందులో సందేహం లేదు. కానీ భర్త పేరు నోట పలకడానికి సిగ్గు. పేరు చెప్పకుండానే ఆయన ఎవరో చెప్పాలి. వేలికొసతో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, జడను ముందుకు లాక్కుని, ముఖం తిప్పుకుని, ఇంకో గుర్తు పట్టిస్తుంది. గర్వమూ సిగ్గూ ఒకేసారి ముఖంలో నిలవాలి, ఒకదాన్ని ఇంకొకటి మింగేయకూడదు. ఇది అద్దం ముందు నేర్చుకుంటే వచ్చేది కాదు.

అదే ఘట్టంలో ఇంకొక సాక్ష్యం ఉంది. సత్యభామకు ఎదురుగా నిలబడ్డ మాధవి ఎవరు? సూత్రధారుడే. ఆయన వేషం మార్చుకోడు. ఉత్తరీయం కాస్త సర్దుకుని, గొంతు మార్చి మాధవి అయిపోతాడు. కృష్ణుడి దగ్గరికి వెళ్లే రాయబారానికి కూలిగా భామ ముక్కెర అడుగుతాడు. ఒకపక్క నిలువెల్లా ముస్తాబైన మగవాడు, ఇంకోపక్క పంచెకట్టు మీదే ఉన్న మగవాడు, ఇద్దరినీ సభ ఆడవాళ్లుగానే ఒప్పుకుంటుంది. మారువేషమే ఈ కళ అయితే ఆ రెండోవాడు ఒక్క నిమిషం కూడా నిలవలేడు. వేషం ప్రేక్షకుణ్ని పిలుస్తుంది, కూర్చోబెట్టేది మాత్రం అభ్యాసం.

తిరిగి రావడంలోని బలానికి స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ ఇద్దరూ రుజువులు. బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో వెలిగిన స్థానం వారు చంద్రమతి, చిత్రాంగి, రోషనార, మధురవాణి, సత్యభామ పాత్రలన్నీ వేశారు. భర్తకోసం అమ్ముడుపోయిన ఇల్లాలినీ, గిరీశాన్ని ఆటపట్టించే మధురవాణినీ ఒకే మనిషి చేశాడంటే, ఆయన ‘ఆడతనం’ అనే ఒక్క ముద్ర పట్టుకుని తిరగలేదన్నమాట. ఆ స్త్రీ ఎవరు, ఏ ఇంటిది, ఎవరితో మాట్లాడుతోంది అన్నది తెలుసుకుని ఆడారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన పాత్రల గురించి ‘నటస్థానం’ అనే పుస్తకమే రాశారు. వేదాంతం వారిది వేరే దారి. ఉష, సత్యభామ వంటి కొద్ది పాత్రలనే పట్టుకుని దశాబ్దాల పాటు ఆడారు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. కథ తెలిసిన జనం, పాట తెలిసిన జనం, పోయిన ఏడాది ఇదే భామను చూసిన జనం మళ్లీ వచ్చి కూర్చున్నారు. పద్యనాటకాల్లోనూ ఇదే తీరు. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు అంకాలు పంచుకుని పాడేవారు, జనం ఎవరి పద్యానికి ‘వన్స్ మోర్’ కొడతారో అన్నదే తీర్పు. న్యాయనిర్ణేతల బల్ల లేకపోయినా అది పోటీయే. అందులో గెలవాలంటే పద్యం మారదు కాబట్టి పాడేవాడే ఎదగాలి.

ఇప్పుడు ఎదురుమాటలకు వద్దాం. అన్నిటికంటే బలమైనది కోనసీమ నుంచే వస్తుంది. ఆడవాళ్ల పాత్ర మగవాళ్లు వేయవలసిన గతి మన నేలకు ఎప్పుడు పట్టింది? ముమ్మిడివరంలో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతుల ఇళ్ల స్త్రీలు భామాకలాపం తామే ఆడారు, తమ పిల్లలకు నేర్పారు. గోదావరికి ఆవల బల్లిపాడులోనూ అంతే. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆచారంలోని అన్యాయాన్ని ఆపడం అవసరమే, కానీ దానితోపాటు ఆ స్త్రీల ఆటకూ పరువు లేకుండా పోయింది. అదే భామ మగవాడి ఒంటి మీద బిరుదులు అందుకుంది. ఈ మాట నిజం, దీన్ని దాటవేసి స్త్రీవేషధారుల గొప్ప చెప్పడం తప్పు. మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి వెంపటి చినసత్యం ఎందరో ఆడపిల్లలకు నేర్పాక కూచిపూడి ముఖమే మారింది, అది మంచి మార్పే. అయితే స్త్రీలు వచ్చారు గనుక పురుషుడి భామ పోవాలన్న లెక్క కుదరదు. సురభి నాటకాల్లో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నారు, మగపాత్రలు కూడా వేశారు. యక్షగాన కళాకారిణి చిందు ఎల్లమ్మ పురుష పాత్రల్లో ఎంత పేరు తెచ్చుకుందో తెలంగాణలో అడిగితే చెబుతారు. పాత్ర ఎవరి సొత్తూ కాదు. ముమ్మిడివరం పద్ధతి భామనూ కూచిపూడి మగభామనూ ఒకే వేదిక మీద ఆడిస్తే ఎవరి చేయి ఎక్కడ గొప్పదో జనమే చూస్తారు. కలావంతుల పేరు కూడా పెద్దక్షరాల్లో కరపత్రం మీదికి ఎక్కుతుంది.

రెండో అభ్యంతరం వెక్కిరింత గురించి. 2013లో మొదలైన టీవీ హాస్య కార్యక్రమం ‘జబర్దస్త్’లో లేడీ గెటప్పులు చూసి, ఇది ఆడవాళ్లను చులకన చేయడమేనని అనేవాళ్లున్నారు. చాలాసార్లు వాళ్లన్నది సరైనదే. మగవాడు చీర కట్టుకోవడమే హాస్యమైనచోట దెబ్బ రెండు వైపులా తగులుతుంది: స్త్రీ నవ్వులపాలవుతుంది, వేషం వేసినవాడు బజారులో మాటలు పడతాడు. కానీ తప్పు వేషానిది కాదు, రాసినవాడిది. మాధవి కూడా నవ్విస్తుంది. ఆ నవ్వు భామ అహంకారం మీద పుడుతుంది గానీ ఆమె ఆడదై పుట్టడం మీద కాదు. ఈ ఒక్క గీటురాయి పెట్టుకుంటే ఏ స్కిట్టు ఉంచదగినదో, ఏది తీసేయదగినదో తెలిసిపోతుంది.

ఇక మూడోది, ఇది మన సంస్కృతి కాదన్న మాట. దానికి జవాబు కొత్తపేట వైపు, ర్యాలిలో రాతిలో ఉంది. జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిల. ముందునుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్తే కొప్పు ముడితో మోహిని. పూజారులు భక్తులను వెనక్కి తీసుకెళ్లి మరీ చూపిస్తారు, దణ్ణం రెండు వైపులకూ పెడతారు. దేవుడి విషయంలో చేతులు జోడించినవాళ్లం నటుడి విషయంలో మొహం చిట్లించడం న్యాయం కాదు. భాగవతుల స్త్రీవేషం భక్తి, అమెరికా డ్రాగ్ వ్యక్తి స్వేచ్ఛ, రెంటికీ పోలికేమిటని అడగవచ్చు. తేడా ఉంది. అక్కడి కళాకారుల్లో చాలామంది వేషం తీశాక కూడా సమాజంతో పోరాడవలసినవాళ్లు, గేలు, ట్రాన్స్‌జెండర్లు. కూచిపూడి భామ తెల్లారేసరికి గౌరవంగా ఇంటికి వెళ్లేవాడు. ఈ తేడా చూసి మనం నేర్చుకోవలసింది ఉంది: వేషానికి ఇచ్చిన గౌరవం మనిషికి కూడా ఇవ్వాలి. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక చట్టం కూడా ఆ దారిలోకే వచ్చింది.

మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథోత్సవానికి లక్షల మంది సాగర సంగమం దగ్గరికి వస్తారు. రథం దారిలో స్వామి తన చెల్లెలు గుర్రాలక్కకు చీర పెడతాడు. దేవుడి పెట్టుపోతలను అంత శ్రద్ధగా చూసే జనం మంచి భామ దొరికితే తెల్లవార్లూ కూర్చోరా? ఉత్సవ సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఈ తీర్థంలో ఒక్క రాత్రి స్త్రీవేషధారుల పోటీకి ఇవ్వండి. కూచిపూడి భాగవతులనూ, ఉత్తరాంధ్ర తూర్పు భాగవతం వాళ్లనూ, కలావంతుల పద్ధతి నేర్చినవారినీ, ఆడాలని ఉన్న ట్రాన్స్‌జెండర్ కళాకారులనూ పిలవండి. అందరికీ ఒకే పారితోషికం ఇవ్వండి. ఆ ఏడాది ఆడినవాళ్లనే మరుసటి ఏడాదీ, ఆపై ఏడాదీ పిలవండి.