ముప్ఫై మీటర్ల గడిలో నేలకోత

వానకు ఏ ప్రాంతంలో ఎంత మట్టి కొట్టుకుపోతుందో చూపే రంగుల పటాలు పరిశోధనపత్రాల్లో విరివిగా వస్తున్నాయి. ఎరుపు తీవ్రమైన కోతకు, ఆకుపచ్చ స్వల్పమైన కోతకు గుర్తు. నేల సంరక్షణ ఎక్కడ మొదలుపెట్టాలో ఈ పటాలే చెబుతాయని వాటి కర్తలు అంటారు. అయితే ఆ రంగు నేల స్వభావం వల్ల వచ్చిందా, నేలను కొలిచిన గడి పరిమాణం వల్ల వచ్చిందా అన్న విచారణ అరుదు.

ఈ పటాలకు ఆధారం అమెరికాలో విష్‌మయర్, స్మిత్ రూపొందించిన సమీకరణం, తరువాత వచ్చిన దాని సవరణ. వాన తాకిడి, మట్టి గుణం, వాలు, పైరు, రక్షణ చర్యలు అన్నవాటికి అంకెలిచ్చి గుణిస్తే హెక్టారుకు ఎంత మట్టి పోతుందో తేలుతుంది. అందులో ప్రమాణంగా తీసుకున్న మడి పొడవు 22.13 మీటర్లు, వాలు 9 శాతం. వాలు లెక్కకు మన దగ్గర సాధారణంగా వాడే ఎత్తుల పటంలో ఒక్కొక్క గడి భుజం 30 మీటర్లు. అంటే ప్రమాణ మడి పొడవు ఒక్క గడికి కూడా చాలదు. గడి పెద్దదయ్యేకొద్దీ గట్లూ నిటారు అంచులూ సగటులో కలిసిపోయి వాలు తగ్గుతుంది. నీరు పారే దూరం మాత్రం పెరిగినట్టు కనిపిస్తుంది. మొదటిది కోతను తగ్గించి చూపితే రెండవది పెంచి చూపుతుంది. ఏది పైచేయి అవుతుందో నేలతీరును బట్టి మారుతుంది కనుక అన్నిచోట్లా పనికివచ్చే దిద్దుబాటు లేదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రాన్నే చూద్దాం. నల్లరేగడిలో వాలు అరశాతం చుట్టూ ఉండేలా మీటరు పైచిలుకు వెడల్పున్న ఎత్తు మడులు, వాటి మధ్య అర మీటరు చాళ్ళు తీర్చి, వానాకాలంలోనూ పైరు వేశారు. ఆ దీర్ఘకాలిక ప్రయోగంలో సాలుకు హెక్టారుకు సుమారు ఒకటిన్నర టన్నుల మట్టి పోగా, పాత పద్ధతి పొలంలో ఆరు టన్నులకు పైగా పోయింది. పైరుకిచ్చే అంకె ఈ తేడాను కొంత పట్టుకోవచ్చు, కానీ ఎత్తుల పటానికి ఆ చాళ్ళు కనిపించవు. అరశాతం వాలంటే 30 మీటర్లకు 15 సెంటీమీటర్ల దిగుడు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ నౌక రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం పటం ఎత్తులను పూర్తి మీటర్లలో ఇస్తుంది. పక్కపక్క గడుల మధ్య ఒక్క మీటరు తేడా ఉంటే వాలు 3.3 శాతం, లేకుంటే సున్న. దాదాపు సమతలమైన రేగడి పొలం ఇలా ఆకుపచ్చలోకి జారిపోతే, అక్కడి రైతు సంరక్షణ జాబితాలోనే ఉండడు.

సూక్ష్మమైన పటం అందుబాటు కూడా అందరికీ సమానం కాదు. అదే ఎస్ఆర్‌టీఎం పటాన్ని అమెరికాకు 30 మీటర్ల గడులతో ఇచ్చి, 2014 దాకా మిగతా ప్రపంచానికి 90 మీటర్ల గడులతోనే ఇచ్చారు. నేడు జెర్సీ సిటీలో ఉన్నవారు తమ వీధి వాలును ఒక మీటరు లైడార్ పటంలో ఉచితంగా చూసుకోగలరు; తమ ఊరి చేనుకు మాత్రం 30 మీటర్లతో సరిపెట్టుకోవాలి.

అలాగని ఒక మీటరు పటం వస్తే అన్నీ తీరవు. అందులో గట్టు కనిపిస్తుంది, రోడ్డు కింది తూము కనిపించదు. లెక్కలో నీరు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పైగా ఈ సమీకరణం మట్టి కదలడాన్నే లెక్కిస్తుంది, దిగువన మేట వేయడాన్ని కాదు. గడి ఎంత చిన్నదైనా ఈ లోటు పూడదు.

కొండ వాలుకూ మైదానానికీ మధ్య తేడా చెప్పడానికి 30 మీటర్ల పటం చాలు. ఏ రైతు చేనుకు గట్టు వేయాలో చెప్పడానికి చాలదు. కనుక నేలకోత పటం ఇచ్చేవారు కనీసం రెండు గడి పరిమాణాలతో లెక్కకట్టి తేడాను చూపాలి. వాగులోనో చెరువులోనో కొలిచిన పూడికతో సరిపోల్చాలి. అంతవరకూ ఆ రంగులను నమ్మి నిధులు పంచడం తగదు.