ప్రపంచ వార్త మనది కాదా?

ఏటా ఆగస్టు 9న మన ఊళ్లలో డప్పులు మోగుతాయి. ర్యాలీ తీస్తాం, ధింసా ఆడతాం, ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకుంటాం. మంచిదే. అయితే ఈ రోజునే ఎందుకు జరుపుకుంటున్నామని అడిగితే డిగ్రీ చదివిన పిల్లలు కూడా నేల చూపులు చూస్తారు. పిల్లలనే ఎందుకనాలి? వేదిక మీద కూర్చునే మాష్టార్లలోనూ చెప్పలేనివాళ్లం చాలామందిమి ఉన్నాం.

1982లో అదే తేదీన జెనీవాలో ఆదివాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి వేసిన బృందం మొదటిసారి కూర్చుంది. అందుకే 1994లో ఆ తేదీని మన దినంగా ప్రకటించారు. 2007 సెప్టెంబరు 13న ఆదివాసుల హక్కుల ప్రకటన వచ్చింది. 144 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వాటిలో మన దేశమూ ఉంది. ఆ ప్రకటనలోని 46 అధికరణల్లో పదోది ఏమంటుందంటే, ఆదివాసులను వారి నేల నుంచి బలవంతంగా తరలించరాదు. అన్నీ తెలిసి, స్వేచ్ఛగా, ముందుగానే వారు ఒప్పుకుంటే తప్ప పంపరాదు. ఇది చట్టం కాదు. కానీ గ్రామసభలో లేచి మాట్లాడేవారికి బలం.

ఒకప్పుడు తెలియకపోవడానికి కారణం ఉండేది. పేపరు ఆలస్యంగా వచ్చేది, రేడియో ఏ ఒక్క ఇంట్లోనో ఉండేది. ఇప్పుడు కొండ మీద ఏ రాయి దగ్గర సిగ్నల్ దొరుకుతుందో ప్రతి కుర్రాడికీ తెలుసు. ఆ రాయి మీద కూర్చుని చూసేది రీల్స్, క్రికెట్. మన మాష్టార్లం పేపరు తెరిస్తే డీఏ, పీఆర్సీ, బదిలీల వార్తలు వెతుకుతాం. ఎక్కడో బ్రెజిల్‌తో మనకేం పని అంటాం.

పని ఉంది. 2021 జూలైలో బ్రెజిల్‌లో గడ్డమంచు పట్టి కాఫీ తోటలు మాడిపోయాయి. ప్రపంచ మార్కెట్లో అరబికా ధర పెరిగింది. అరకు, పాడేరు కొండల మీద మనం పండించేది ఆ అరబికానే. సంతలో కొనేవాడి చేతిలోనూ సెల్లే, మనవాడి చేతిలోనూ సెల్లే. అతను ధర చూస్తాడు, మనవాడు పాట చూస్తాడు. తూకం దగ్గర నష్టపోయేది ఎవరో చెప్పాలా?

పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. డోంగ్రియా కోందుల ఆ కొండలో బాక్సైటు కోసం చూసిన వేదాంత, అప్పట్లో లండన్ షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి, 2010లో ఇంగ్లండ్ చర్చి ఆ కంపెనీ వాటాలు వదిలేసుకున్నాయి. 2013లో సుప్రీంకోర్టు చెప్పినమీదట జరిగిన 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. కొండను నిలబెట్టింది ఆ ఊళ్ల మాటే. కానీ ఆ కొండ సంగతి నార్వేలో ఎవరో చదివారు. దూరాన ఉన్న ఆదివాసుల సంగతి మనం చదివామా? 2020 మేలో ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం రాతి గుహలను పేల్చేసింది. 46 వేల ఏళ్ల కిందటి మనుషుల ఆనవాళ్లున్న గుహలవి, అక్కడి ఆదివాసులకు పవిత్రమైనవి. ప్రభుత్వ అనుమతి చేతిలో ఉండగానే పేల్చారు. ఆ కథ తెలిసినవాడు, రేపు మన కొండ దగ్గరికి ఎవరైనా కాగితాలు పట్టుకొస్తే, కాగితం ఉందా అని అడిగి ఊరుకోడు. మా ఊరిని అడిగారా అంటాడు.

కుర్రాళ్లనే తిట్టి లాభం లేదు. ఈ వార్తలు కువిలో, కోయలో, గోండిలో రావు. తెలుగు ఛానళ్లలో ఆదివాసుల ఊసు అరుదు. ఆ ఖాళీ పూడ్చాల్సింది బడి.

వారానికి ఒకరోజు ప్రార్థన అయ్యాక ఒక్క ప్రపంచ వార్త చెబుదాం. పటం మీద ఆ చోటు చూపించి, పిల్లల ఇంటి భాషలో చెప్పి, "దీనికీ మన ఊరికీ సంబంధం ఏమిటి?" అని అడుగుదాం. ఏ సంబంధమూ దొరకని వారాలుంటాయి. పర్వాలేదు, వెతకడం అలవాటవుతుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంతకు వెళ్లే ముందు కాఫీ, మిరియాల ధర చూసి ఊళ్లో పెద్దలకు చెప్పండి. వచ్చే ఆగస్టు 9న ముందు పదో అధికరణను మన భాషలో చదివి వినిపిద్దాం. తర్వాత డప్పు కొడదాం.