జలపాతమని పేరుపడిన వ్యాసము

ఒక ఊరిలో చెరువు త్రవ్వవలసి వచ్చినదనుకొందము. స్థలము చూచి, కొలతలు తీసి, కట్ట పోసి, తూము పెట్టి, నీరు నిలిపిన నాటితో ఆ పని ముగియును. కాని చెరువు బ్రతుకు ఆనాడే మొదలగును. ఎప్పటికప్పుడు పూడిక తీయవలెను. కట్టకు గండి పడకుండ కాపాడవలెను. క్రొత్తగా సాగులోనికి వచ్చిన పొలములకు కాలువలు త్రవ్వవలెను. త్రవ్వకము ఒకటి, చెరువు బ్రతుకు వేరొకటి. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్లే రెండు జీవితచక్రములు కలవు. ఒకటి ప్రాజెక్టుది, రెండవది ఆ ప్రాజెక్టు వలన పుట్టిన వస్తువుది. ఈ రెండింటిని ఒకటిగా భావించుట వలన కలుగు నష్టము చిన్నది కాదు.

సాఫ్ట్‌వేర్ నిర్మాణమును వివరించు పాఠ్యపుస్తకములలో మెట్లవరుస వంటి బొమ్మ ఒకటి తరచుగా కనిపించును. అవసరములు, విశ్లేషణ, రూపకల్పన, ప్రోగ్రాము రచన, పరీక్ష, వినియోగము అని పై నుండి క్రిందికి మెట్లుండును. దీనిని జలపాత పద్ధతి అందురు. అమెరికాకు చెందిన విన్‌స్టన్ రాయిస్ 1970లో ప్రకటించిన వ్యాసము దీనికి మూలమని చెప్పుదురు. ఆ వ్యాసమును స్వయముగా చదివినవారికి రెండు ఆశ్చర్యములు కలుగును. మొదటిది, జలపాతమను మాటయే అందులో లేదు. రెండవది, మెట్లు దిగిపోవుటయే పద్ధతిగా పెట్టుకొన్నచో ప్రమాదమనియు, వైఫల్యమును కోరి తెచ్చుకొనుటయే యనియు రాయిసే హెచ్చరించినాడు.

ఆయన చూపిన కారణము సులభమైనది. పరీక్ష చివరిమెట్టున ఉన్నది. ప్రోగ్రాము ఎంత వేగముగా నడచును, ఎంత స్థలము పట్టును అనునవి అనుభవములోనికి వచ్చునది అక్కడనే. అక్కడ తప్పు బయటపడినచో రూపకల్పనకో, అంతకు పైనున్న అవసరములకో తిరిగి ఎక్కవలసి వచ్చును. అప్పుడు కాలమో, ఖర్చో రెండింతలు కావచ్చును. కాబట్టి ఆయన అయిదు నివారణలు సూచించెను: ముందుగానే ప్రాథమిక రూపకల్పన చేయుట, ప్రతిదానిని వ్రాతలో ఉంచుట, పనిని రెండుమారులు చేయుట, పరీక్షలను పథకము ప్రకారము నడపుట, వాడుకరిని మొదటినుండి కలుపుకొనుట. ముప్పది నెలల పనికి పది నెలలలో ఒక నమూనా కట్టి చూడవచ్చునని కూడ ఉదాహరణ ఇచ్చెను. హెచ్చరికను విడిచి బొమ్మను మాత్రము పట్టుకొన్నవారు రచయితకు అన్యాయము చేసినవారే.

అయినను ఈ వ్యాసములో ఒక కొరత కలదు. వినియోగమును అది చివరి గడిలో ఉంచెను. ప్రోగ్రాము వాడుకలో ఉన్నప్పుడు వ్రాతలు ఎంత ఉపకరించునో రాయిస్ చెప్పకపోలేదు. కాని ఏండ్ల తరబడి సాగవలసిన బ్రతుకునకు ఒక్క గడి చాలదు.

దీనికి నిదర్శనము ఏరియన్ 5 రాకెట్టు. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానా నుండి ఎగిరిన సుమారు 40 సెకన్లకే అది ముక్కలైనది. రాకెట్టు స్థితిగతులను తెలుపు పరికరములోని ప్రోగ్రాము, అంతకు ముందున్న ఏరియన్ 4 కొరకు వ్రాయబడినది. అక్కడ అది చక్కగా పనిచేసినది. ఆ ప్రాజెక్టు సఫలమైనదే. కాని ఏరియన్ 5కు క్షితిజ సమాంతర వేగము ఎక్కువ. ఆ వేగమునకు సంబంధించిన విలువ 16 బిట్ల గడిలో పట్టలేదు. ఆ గడిలో 32,767కు మించిన సంఖ్య ఇమడదు. జంటగా ఉంచిన రెండు పరికరములును ఒకే కారణముచేత ఆగిపోయినవి. తప్పు చేసిన భాగమునకు ఏరియన్ 5 నేలను విడిచిన తరువాత అసలు పనియే లేదు. క్రొత్త రాకెట్టు పయనించు మార్గముతో ఆ పరికరమును ముందుగా పరీక్షించి ఉండలేదు. ప్రాజెక్టు ముగిసినది, వస్తువు బ్రతికినది, దాని చుట్టునున్న లోకము మారినది. ఆ మార్పును గమనించు మెట్టు మాత్రము లేకపోయినది.

ఈ లోపమును పూరించు ఆలోచన 1970ల దశాబ్దములోనే వచ్చినది. లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన మేయర్ లేమన్, బెలాడీతో కలిసి ఐ.బి.ఎం. వారి ఓ.ఎస్./360 పెరుగుదలను పరిశీలించెను. వాడుకలో ఉన్న ప్రోగ్రామును ఎప్పటికప్పుడు మార్చుచుండవలెననియు, లేనిచో దాని ఉపయోగము క్రమముగా తగ్గుననియు, మార్చిన కొలది చిక్కులు పెరుగుననియు ఆయన సిద్ధాంతీకరించెను. పూడిక తీయని చెరువు గతియే దానికిని పట్టును.

కావున ఉపాధ్యాయులు తరగతిలో మెట్ల బొమ్మను గీయవలసినదే. కాని దానిని గీసి ఆగరాదు. క్రింది మెట్టు నుండి పైకి బాణములు వేసి, ఇది ఎక్కడ ముగియునని విద్యార్థులను అడుగవలెను. ప్రాజెక్టు ఎప్పుడు ముగియునో పుస్తకము చూచి చెప్పవచ్చును. వస్తువు బ్రతుకు ఎప్పుడు ముగియునో దానిని వాడువారిని అడిగినగాని తెలియదు.