అంటు పట్టిన చర్మం

కాలిపోయిన లేదా ఊడిపోయిన చర్మం స్థానంలో శరీరంలోని మరో చోటి నుంచి, సాధారణంగా తొడ నుంచి, పలుచగా తీసిన చర్మాన్ని పరిచే శస్త్రచికిత్సను స్కిన్ గ్రాఫ్టింగ్ అంటారు. తోటమాలి మాటలో చెప్పాలంటే ఇది చర్మానికి కట్టే అంటు. తీసినప్పుడే రక్తప్రసారం తెగిపోతుంది కనుక, ఆ చర్మం మొదటి ఒకటి రెండు రోజులు గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తరువాత అడుగునున్న సన్నని రక్తనాళాలు దానిలోకి అల్లుకుని, దాదాపు వారంలో అంటు పడుతుంది. ఈలోగా చర్మం కాస్త జరిగినా, కింద నెత్తురు చేరినా అంటు చెడుతుంది.

అయితే అంటు పట్టడం వేరు, ఆటను తట్టుకోవడం వేరు. పలుచని అంటులో చెమట, నూనె గ్రంథులు ఉండవు కనుక ఆ భాగం చెమటపట్టదు, ఎండి పగులుతుంది. విస్తీర్ణం ఎక్కువైతే ఎండలో ఆడే మనిషి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. కీలు మీది అంటు నెలల తరబడి ముడుచుకుంటూ కదలికను పట్టేస్తుంది కనుక వ్యాయామం, ఒత్తిడి కలిగించే బిగుతు తొడుగు అవసరమవుతాయి. స్పర్శ పూర్తిగా తిరిగిరాదు కనుక, మోకాలిపై అంటు ఉన్న కబడ్డీ ఆటగాడు సాధన ముగిశాక తొడుగు తీసి, బొబ్బ లేచిందేమో కంటితో చూసుకోవలసిందే. నొప్పి చెబుతుందని ఆగితే ఆలస్యమవుతుంది.

కాలిన చర్మంతో ఆటకు తిరిగిరావడానికి ఒక ఉదాహరణ: 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో మంటల్లో చిక్కిన ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా, 42 రోజులకే, తల గాయాలకు కట్లు ఉండగానే, ప్రత్యేకంగా మార్చిన హెల్మెట్‌తో ఇటలీలోని మోంజాలో పోటీపడి నాలుగో స్థానంలో నిలిచారు. లోకం ఈ తెగువనే తలచుకుంటుంది. కానీ అక్టోబరు 24న జపాన్‌లోని ఫుజీలో, కుండపోత వానలో, కాలిన కనురెప్పలు సరిగా ఆడక కళ్లు నీళ్లు కారుతుండగా, రెండు ల్యాప్‌ల తరువాత ఆయన కారు ఆపేశారు. ఒకే ఒక్క పాయింటు తేడాతో ఆ ఏటి ప్రపంచ టైటిల్ ప్రత్యర్థి జేమ్స్ హంట్‌కు దక్కింది.

ఆటకు తిరిగిరావడమనే విద్యలో మోంజా సగం పాఠమే. తన చర్మం ఏ మేరకు సహకరిస్తుందో ఎరిగి ఆగడం మిగతా సగం. మరుసటి ఏడాది, 1977లో, లౌడా మళ్లీ ప్రపంచ విజేత అయ్యారు.