వెనక బెంచీ శ్రుతి

బడుల్లో సంగీతం చెప్పేవాళ్ళకు శిక్షణ తరగతి పెడుతున్నాం, మీరూ వచ్చి ఒక పూట చెప్పాలి అని ఎవరైనా పిలిస్తే నేను ముందుగా అడిగేది ఒకటే: పిల్లలు ఉంటారా? మైకు ఉంటుంది. ప్రొజెక్టరు, బ్యానరు, దీపం కుందులు, శాలువాలు అన్నీ ఉంటాయి. పిల్లలు మాత్రం ఉండరు. సెలవుల్లో ఎక్కడినుంచి తెస్తామండీ అంటారు. పక్కనున్న హాస్టల్ నుంచి ఇరవైమందినైనా పిలిపించండి, వాళ్ళ టిఫిను సంగతి నేను చూసుకుంటాను అని పట్టుబడతాను. పిల్లలు లేని గదిలో సంగీతం గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. బడి సంగీతం గురించి మాత్రం పది నిమిషాలు కూడా నిజంగా మాట్లాడుకోలేం.

ఈ తరగతులు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. పొద్దున ప్రారంభ సభ, ఆపైన ఉపన్యాసం. మధ్యాహ్నం ఒక విద్వాంసుడు అరుదైన కీర్తన ఒకటి నేర్పుతారు. అందరూ స్వరం రాసుకుంటారు, ఫోన్లలో రికార్డు చేసుకుంటారు. సాయంత్రం సర్టిఫికెట్లు. ఆ కీర్తన నేర్చుకున్న సంతోషం నిజమైనది. ఏళ్ళ తరబడి ప్రార్థన పాటలూ ఆగస్టు పదిహేను పాటలూ తప్ప మరొకటి నోరారా పాడుకునే వీలు దొరకనివాళ్ళకు ఆ రెండు గంటలు ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. దాన్ని ఎవరూ తీసెయ్యకూడదు. కానీ సోమవారం ఐదో తరగతి బి సెక్షన్‌లో నలభైమంది పిల్లలుంటారు. నలభై నిమిషాల పీరియడు. గోడకు అవతల లెక్కల మాస్టారు. అక్కడ ఏం చెయ్యాలో ఆ కీర్తన చెప్పదు.

మనకు సంగీత కళాశాలలు తక్కువేం కాదు. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల ఉంది, హైదరాబాదు, విజయవాడ, తిరుపతి కళాశాలలున్నాయి. వాటిలో డిప్లొమా చేసినవాళ్ళే ఇవాళ గురుకులాల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో, ప్రైవేటు బడుల్లో పాఠం చెబుతున్నారు. వాళ్ళ విద్యలో లోటు లేదు. అయితే వాళ్ళు నేర్చుకున్నది గురువు ఎదురుగా కూర్చుని, గురువు గొంతు పట్టుకుని. తమంతట తాము పాట కోరి వచ్చినవాళ్ళు. కోరి రాని నలభైమందిని ఒక్కసారి నోరు విప్పించడం వేరే విద్య. ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1931లోనే టైగర్ వరదాచారి గారిని ప్రిన్సిపాల్‌గా పెట్టి సంగీతోపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా కళాశాల తెరిచింది. పి. సాంబమూర్తి గారు సంగీత బోధన మీదే ఒక పుస్తకం రాశారు. ఆ ఆలోచన మన జిల్లా స్థాయి శిక్షణలదాకా వచ్చేసరికి పలచబడిపోయింది.

అసలు విషయానికి వస్తాను. ప్రతి శిక్షణలోనూ టీ విరామంలో ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి ఈ మాట అంటారు: “మేడం, నా క్లాసులో నలుగురైదుగురికి అసలు శ్రుతే లేదండీ. వాళ్ళవల్ల మొత్తం పాట పాడైపోతోంది. ఏం చెయ్యమంటారు?” వార్షికోత్సవం దగ్గరపడితే ఏం చేస్తారో నాకు తెలుసు. ఆ నలుగుర్నీ వెనక వరసలో నిలబెట్టి, పెదాలు కదిపితే చాలు నాన్నా, గొంతు ఎత్తకు అంటారు. అది కోపంతో అనే మాట కాదు. యాజమాన్యం ఆ టీచరు పనిని ఆ ఒక్క సాయంత్రంతోనే కొలుస్తుంది కాబట్టి భయంతో అంటారు. కానీ ఆ మాట విన్న పిల్ల ఇక పాడదు. నలభై ఏళ్ళు వచ్చాక కూడా, నాకు పాట రాదండీ, చిన్నప్పుడే మా టీచర్ చెప్పేశారు అంటుంది. పెళ్ళి పాటల దగ్గరా, బతుకమ్మ దగ్గరా అలా వెనక్కి జరిగి నిలబడే ఆడవాళ్ళు ఎంతమందో. ఒక్క బడి ఒక మనిషి నోటినుంచి పాటను తీసేసుకోగలదు. ఈ శిక్షణలన్నీ ఆ వెనక వరస పిల్లకోసమే పెట్టాలని నా పట్టుదల.

ఆ పిల్లలకు శ్రుతి లేకపోవడం చాలా అరుదు. ఎక్కువమందికి తెలియనిది తమ పాడే గొంతు ఎక్కడుందో. మాట్లాడే గొంతుతోనే పాట లాక్కొస్తారు. అందుకే అన్ని స్వరాలూ కిందనే, ఒకే మెట్టు మీద గునుస్తాయి. అలాంటి పిల్లవాడితో స, రి, గ అని ఎన్నిసార్లు అనిపించినా లాభం లేదు. చెరువుకు ఆ గట్టునున్న స్నేహితుణ్ణి పిలిచినట్టు పిలవమనాలి. అంబులెన్సు కూతలా గొంతును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జారించమనాలి. మాటకు అందని ఎత్తు ఆ ఆటలో దానంతటదే బయటపడుతుంది. ఆ తర్వాతి అడుగు టీచరు వెయ్యాలి. పిల్లవాడు ఏ స్వరం మీద నిలిచాడో విని, తనే ఆ స్వరం దగ్గరికి వెళ్ళి అదే పాడాలి. ఇద్దరి గొంతులూ ఒకటైనప్పుడు ఆ పిల్లవాడి మొహం మారుతుంది. కలవడం అంటే ఏమిటో వాడికి బహుశా మొదటిసారి తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఒక్క మెట్టు పైకి, మళ్ళీ ఒక్క మెట్టు కిందికి. రోజుకు రెండు నిమిషాలు చాలు. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఒకరిద్దరికి ఇంకా ఎక్కువ కావచ్చు. పెదాలు కదపమనడం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

దీనికి టీచరుకు కావాల్సింది చెవి. కచేరీలో తంబురాను వినే చెవి వేరు, నలభై గొంతుల్లో మూడో బెంచీ చివర కూర్చున్న గొంతు ఎక్కడ తేలుతోందో పసిగట్టే చెవి వేరు. రెండోది సాధన చేస్తేనే వస్తుంది, పిల్లలు ఎదురుగా ఉంటేనే ఆ సాధన కుదురుతుంది. అందుకే నా పూటలో ఒక్కో టీచరు వచ్చిన పిల్లలకు ఎనిమిది నిమిషాలు పాఠం చెబుతారు. మిగతా టీచర్లు ఆ పాఠాన్ని చూడరు. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లను అప్పగిస్తాను, ఆ ఎనిమిది నిమిషాలూ ఆ పిల్లనే చూడాలి, వినాలి. ఎప్పుడు నోరు విప్పింది, ఎప్పుడు పక్కవాళ్ళ వైపు చూసింది, ఎక్కడ ఆపేసింది. తర్వాత మాట్లాడుకునేది కూడా అదే. టీచరు గమకం ఎలా పలికిందన్న ప్రస్తావనే రాదు. బాగా పాడే విద్వత్తున్నవాళ్ళకు ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మధ్యాహ్నానికి వాళ్ళే అందరికంటే ఎక్కువ రాసుకుంటారు, ఎందుకంటే వినడం వాళ్ళకు కొత్త కాదు.

శ్రుతి సంగతి ఒకటి చెప్పాలి. చాలామంది తమ శ్రుతిలోనే పాఠం చెబుతారు. మగ టీచరు ఒకటి శ్రుతిలో మొదలుపెడితే, తాము దానికి పై స్థాయిలో పాడాలని చిన్నపిల్లలకు తట్టదు. ఆ లావు గొంతునే అనుకరించబోయి గొణుగుతారు. ఐదున్నరలో పాడే ఆడ టీచరు వెంట పాడితే కింది స్వరాలు అందక ఛాతీతో నెట్టి అరుస్తారు. హార్మోనియం మీద మధ్య స్థాయిలో ఒకటి, రెండు శ్రుతుల దగ్గర షడ్జం పెట్టి, మొదట్లో పంచమం దాటకుండా, తేలిగ్గా పాడించి చూడండి. గదిలో అరుపు తగ్గిపోతుంది. ఆ ఎత్తు టీచరుకు కుదరకపోతే క్లాసులో గొంతు స్పష్టంగా ఉన్న పిల్లనో పిల్లవాణ్ణో ముందు పాడమనాలి. పిల్లలు పిల్లల గొంతును అందుకున్నంత తేలిగ్గా పెద్దల గొంతును అందుకోరు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల మగపిల్లల గొంతు మారే వయసుకు వేరే జాగ్రత్త కావాలి. వాళ్ళను పాటలోంచి పంపెయ్యకుండా కింది స్వరాలూ తాళమూ చేతికివ్వాలి.

తాళం అన్నాను కాబట్టి నాకు బాగా ఇష్టమైన పాఠం చెబుతాను. జాతులు నేర్పడానికి నల్లబల్ల మీద పట్టిక రాయక్కర్లేదు, మన ఊళ్ళ పేర్లు చాలు. కడప అనండి: త కి ట, తిశ్రం. తిరుపతి: త క ధి మి, చతురశ్రం. గుడివాడ అంటే ‘వా’ దగ్గర రెండు మాత్రలు, మొత్తం ఐదు, ఖండం. జనగామ కూడా అంతే. విజయనగరం ఏడు మాత్రలు, పైగా విజయ మూడు, నగరం నాలుగు, అచ్చంగా మిశ్రచాపు విరుపు. ఇక తొమ్మిది మాత్రల సంకీర్ణానికి ఊరు దొరకదనుకుంటాం కదా, నాగార్జునకొండ ఉంది, నాలుగూ ఐదుగా విరుగుతుంది. విజయవాడ, హనుమకొండ రెండూ మూడు మూడుగా ఒకే నడక నడుస్తాయి. ఇది చెప్పగానే ప్రతి పిల్లా తన ఊరి పేరు వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది. మర్నాడు అమ్మమ్మగారి ఊరు, మేనత్తగారి ఊరు కూడా తేల్చుకొస్తుంది. సగం క్లాసు కడపను నాలుగుసార్లు, సగం క్లాసు తిరుపతిని మూడుసార్లు ఒకేసారి మొదలుపెట్టి చప్పట్లతో అంటే పన్నెండు మాత్రల దగ్గర రెండు గుంపులూ కలుస్తాయి. కలిసిన చోట వాళ్ళు వేసే కేకకు పక్క గది లెక్కల మాస్టారు వచ్చి చూస్తే ఆయనకు కసాగు చూపించండి, సంతోషిస్తారు. తెలుగు టీచరుకూ ఇందులో పనుంది. ఆమె ఛందస్సులో చెప్పే లఘువూ గురువూ ఇవే. ఒకే బడిలో ఉంటూ సంగీతం టీచరూ తెలుగు టీచరూ ఈ పాఠం కలిసి చెప్పుకోకపోవడం నాకు పెద్ద నష్టంగా అనిపిస్తుంది.

ఈమధ్య శిక్షణల్లో కొడాయ్ పద్ధతి వీడియోలు ఎక్కువగా చూపిస్తున్నారు. హంగరీ స్వరకర్త జోల్టాన్ కొడాయ్ ప్రేరణతో 1950లో కెచ్‌కెమేట్ పట్టణంలో రోజూ సంగీతం ఉండే ప్రాథమిక పాఠశాల మొదలైంది. అక్కడ స్వరస్థానాలకు చేతి గుర్తులు వాడతారు, అవి ఇంగ్లండులో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో తయారుచేసినవి. వాళ్ళ ఆధార స్వరం మన షడ్జంలాగే ఎక్కడికైనా జరుగుతుంది. చేతి గుర్తులు నేనూ వాడతాను, పనికొస్తాయి. తాళాన్ని చేతితో వేస్తూ పెరిగినవాళ్ళకు, సామగానంలో స్వరాలను వేళ్ళమీద చూపే సంప్రదాయం ఉన్నవాళ్ళకు అది పరాయి పనేం కాదు. కానీ గుర్తులకంటే ముఖ్యమైనది అక్కడ ఇంకొకటుంది. కొడాయ్, ఆయన మిత్రుడు బార్టోక్ ఊళ్ళు తిరిగి జానపద గీతాలు సేకరించారు. ఆ పద్ధతిలో పిల్లల పాఠం తమ భాషలోని ఆటపాటలతో మొదలవుతుంది. మనం గుర్తులు తెచ్చుకుని ఆ తిరగడం వదిలేస్తే సగమే తెచ్చుకున్నట్టు.

మనదగ్గర చెమ్మచెక్క ఉంది, ఒప్పులకుప్ప ఉంది, బతుకమ్మ ఉంది, కోలాటం ఉంది, రాయలసీమ చెక్కభజన ఉంది. పాట ఎత్తుకునేది ఒకరు, అందుకునేది అందరూ, కాళ్ళూ చేతులూ ఊరుకోవు. వీటిలో చాలా పాటలు మూడు నాలుగు స్వరాల్లోనే తిరుగుతాయి. తరగతి గదికి ఇంతకంటే తగిన పాఠ్యం ఏముంటుంది? సరళీ వరసలతోనే, మాయామాళవగౌళతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టే పెద్దలున్నారు. పురందరదాసు వేసిన బాటగా దాన్ని చెబుతారు, ఆ బాట మీద నాకు గౌరవం ఉంది. అది రోజూ గురువు ముందు కూర్చునే శిష్యుడికి సరిపోతుంది. వారానికి ఒక పీరియడు దొరికే బడిపిల్లలకు ముందు పాట కావాలి, ఆట కావాలి. గొంతు కుదిరాక సరళీ వరసలు చెబితే వాటిని ఇష్టంగా నేర్చుకుంటారు. అందరిచేతా కలిపి పాడించడం తక్కువ రకం సంగీతమన్న చిన్నచూపు కూడా పోవాలి. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ సినిమాలకు సంగీతం చేస్తూనే 1971లో మద్రాస్ యూత్ కోయర్‌ని నిలబెట్టారు. బృందగానాన్ని ఆయన ఒక పూర్తి కళగా చూశారు.

కాగితం మీద కావాల్సినవి చాలావరకు ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడికి కళావిద్యకు పార్ట్‌టైం బోధకులుండాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ సంస్థ సీసీఆర్‌టీకి హైదరాబాదు మాదాపూర్‌లో కేంద్రం ఉంది, అక్కడికి వెళ్ళిన టీచర్లు పలు భారతీయ భాషల పాటలు నేర్చుకుని వస్తారు. కానీ సంగీతం పోస్టే లేని బడినుంచి డ్రాయింగు మాస్టారో పీఈటీనో సంగీత శిక్షణకు వస్తుంటారు. ఆన్ డ్యూటీ (ఓడీ) అనుమతి ఇవ్వడానికి హెడ్మాస్టరు వెనకాడతారు. యాభై గంటల్లో పాట మీద గడిపేది ఎన్ని గంటలో ఎవరూ చూడరు.

రెండు రోజుల శిక్షణ తర్వాత ఆ టీచరు క్లాసులో ఏమవుతోందో మళ్ళీ అడిగేవాళ్ళు లేకపోవడం ఇంకా బాధ. నిర్వాహకులు ఆ రెండు రోజుల్లో ఒక రోజు తగ్గించి, దాన్ని రెండు సగం రోజులుగా చేసి, నెలకొకటి చొప్పున పెట్టగలిగితే ఎంతో మేలు. మధ్యలో ప్రతి టీచరూ తన క్లాసును ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసి తేవాలి. బాగా పాడేవాళ్ళ పాట వద్దు. ఏ పిల్లకు శ్రుతి లేదని ఫిర్యాదు చేశారో ఆ పిల్ల గొంతు తేవాలి, మొదటి వారానిది ఒకటి, నాలుగో వారానిది ఒకటి. అందరం కూర్చుని విని, తర్వాతి నెలలో ఆమెతో ఏ స్వరం దగ్గర మొదలుపెట్టాలో మాట్లాడుకోవాలి. వచ్చే వేసవికి నన్ను పిలిచిన రెండు చోట్లా ఇదే రాసి పంపాను. ఒకచోట ఒప్పుకున్నారు, ఇరవైమంది పిల్లల్నీ పిలిపిస్తామన్నారు.