మే నెలలోనూ నిలిచే వేగం

ఇంటెల్ 2007 జనవరిలో కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసర్‌ను 851 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. జులైకల్లా ధర 266 డాలర్లకు దిగింది. అదే నెలలో క్యూఎక్స్6850 అనే ఖరీదైన చిప్ 999 డాలర్లకు వచ్చింది. మొదటిదాని వేగం 2.4 గిగాహెర్ట్జ్, రెండోదానిది 3. లోపల మాత్రం రెండింటిలోనూ అదే 65 నానోమీటర్ల సిలికాన్, అవే నాలుగు కోర్లు, అదే 8 ఎంబీ క్యాష్. చౌక చిప్‌ను ఖరీదైనదాని సరసన నిలబెట్టే పనితనమే ఓవర్‌క్లాకింగ్.

2.4 అనేది ఒక గుణకారం. బోర్డు నుంచి వచ్చే 266 మెగాహెర్ట్జ్ మూల గడియారాన్ని చిప్ 9తో హెచ్చవేసుకుంటుంది. ఆ 9ని తగ్గించుకోవచ్చు గాని పెంచడానికి వీల్లేకుండా ఇంటెల్ తాళం వేసింది. ఖరీదైన చిప్‌కి ఆ తాళం లేదు. ఇక మిగిలింది 266ను పెంచడమే. 333 చేస్తే 3 గిగాహెర్ట్జ్, 400 చేస్తే 3.6. చెప్పడానికి ఇంతే. కానీ ఆ గడియారాన్ని నమ్ముకున్నది ప్రాసెసరొక్కటే కాదు, ర్యామ్, నార్త్‌బ్రిడ్జ్ కూడా దాని వెంటే పరుగెత్తుతాయి. డీడీఆర్2-800 ర్యామ్‌కి తగిన గడియారం 400. మూలాన్ని 333కి తీసుకెళ్లి, దానికీ ర్యామ్‌కీ నిష్పత్తిని 5:6 చేస్తే ర్యామ్ సరిగ్గా 400 దగ్గరే ఉంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను 100 దగ్గర, పీసీఐని 33 దగ్గర కట్టేస్తారు. లేకపోతే హార్డ్ డిస్కులోని డేటా చెడే ప్రమాదం ఉంది. ఒకదాన్ని పెంచుతూ మిగతావాటిని హద్దు దాటనివ్వకపోవడంలోనే ఈ లెక్క అందం ఉంది.

ఇంకో విశేషం. ఈ చిప్ మూత కింద నిజానికి రెండు ముక్కలున్నాయి, ముక్కకు రెండేసి కోర్లు. ఒక ముక్క రెండోదానితో మాట్లాడాలంటే బయటి బస్ మీదుగా పోవాల్సిందే. అందుకే మూలాన్ని 333 చేస్తే కోర్ల వేగంతోపాటు ఆ ముక్కల మధ్య దారి కూడా పావు వంతు చురుకవుతుంది.

అసలు నేర్పు వోల్టేజీ దగ్గర తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ట్రాన్సిస్టర్లకు దొరికే వ్యవధి తగ్గుతుంది, దాన్ని అందుకోవడానికి కొంచెం వోల్టేజీ కావాలి. వేడి మాత్రం వేగంతోపాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. 1.25 వోల్టుల చిప్‌ను 1.275తో 3 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపితే వేగం 25 శాతం, వేడి సుమారు 30 శాతం పెరుగుతాయి. 3.6 కోసం 1.45 ఇచ్చారా, వేగం ఒకటిన్నర రెట్లు, వేడి రెండింతలు. అందుకే గారెల పిండికి నీళ్లు చిలకరించినంత పొదుపుగా వోల్టేజీ కలపాలి. చేయి తిరిగినవారు ముందు వేగాన్నే పెంచుతారు, తప్పు దొర్లిన చోట ఆగి ఒక్క మెట్టు వోల్టేజీ ఎక్కిస్తారు. బయోస్‌లో పెట్టిన వోల్టేజీ పని భారం పడగానే కాస్త జారుతుంది. అది లోపం కాదు. భారం హఠాత్తుగా తొలగినప్పుడు వోల్టేజీ హద్దు మీరి ఎగదన్నకుండా ఇంటెల్ కావాలనే ఉంచిన ఏర్పాటు. కాబట్టి బయోస్‌లో రాసిందాన్ని నమ్మకుండా, భారం మీద సీపీయూ-జీ అనే సాఫ్ట్‌వేర్ చూపే అంకెను చూస్తారు.

విండోస్ తెరుచుకున్నంత మాత్రాన గెలిచినట్టు కాదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం జార్జ్ వోల్ట్‌మన్ రాసిన ప్రైమ్95 ఇక్కడ పరీక్షాధికారి. అది నాలుగు కోర్లకూ గంటల తరబడి లెక్కలిచ్చి, ముందే తెలిసిన జవాబులతో సరిచూస్తుంది. ఏ కోర్‌లో ఒక్క లెక్క తప్పినా ఆ కోర్ పరీక్షను అక్కడే ఆపేస్తుంది.

ఇప్పుడు హైదరాబాద్ శివారు బాచుపల్లి సంగతి. హీట్‌సింక్ ఎంత పెద్దదైనా చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు. 20 డిగ్రీల గదిలో 60 చూపే అమరిక, మే నెల సాయంత్రం స్లాబు కింద 37 డిగ్రీల గదిలో 77 దాటుతుంది. వేడెక్కిన సిలికాన్‌లో విద్యుత్తు లీకేజీ కూడా పెరుగుతుంది కాబట్టి అసలు అంకె ఇంకొంచెం ఎక్కువే. దానికి తోడు చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల సిమెంటు దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత చిప్ కోసం వెతికేవారు మూత మీద ఎస్ఎల్ఏసీఆర్ అనే అక్షరాలు చూసుకోవాలి. అది 95 వాట్ల జీ0 రకం. తొలి రకం 105 వాట్లది. చిప్‌తో వచ్చే ఫ్యాను నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలుస్తుంది. ఒక్కటి సరిగా దిగకపోయినా హీట్‌సింక్ ఓ పక్కకు ఒరిగి, లెక్కలన్నీ వృథా అవుతాయి.

ఇక్కడి వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఆ వోల్టేజీ వర్గం సూత్రం పాఠంలోనే ఉంటుంది. పాత క్వాడ్ కోర్ మీద అది చేతికి తగులుతుంది. నా మటుకు, బాచుపల్లిలో ఈ చిప్‌కి తగిన వేగం 3 గిగాహెర్ట్జ్. 3.6 జనవరి ముచ్చట. ఎవరైనా తమ ఓవర్‌క్లాక్ గొప్ప చెబితే ఎన్ని గిగాహెర్ట్జ్ అని కాదు, ఎంత వోల్టేజీతో, ఏ నెలలో అని అడగండి.