బొగ్గుకు రెండు గుట్టలు, వజ్రానికి ఒక గీత

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ ముగించి 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ ఏడాదే.

అక్కడి పనిలో ఆర్భాటం లేదు. పాదరస దీపపు వెలుగును ద్రవం మీదికో స్ఫటికం మీదికో వదిలి, చెదిరిన కాంతిని స్పెక్ట్రోగ్రాఫ్ గుండా ఫొటో ప్లేటు మీద పట్టాలి. ఆ వెలుగు మరీ తక్కువ, కాబట్టి ప్లేటును గంటల తరబడి కదల్చకూడదు. కడిగాక సన్నని గీతలు తేలతాయి. అణువుకు తగిలిన కాంతి రేణువు (ఫోటాన్) ఒక్కోసారి తన శక్తిలో కొంత దానికిచ్చి వస్తుంది; అదే రామన్ ఎఫెక్ట్. ఎంతబడితే అంత ఇవ్వదు, లెక్క ప్రకారమే ఇస్తుంది. ఆ లెక్కే క్వాంటం భౌతికశాస్త్రం. ఫోటాన్‌కు స్పిన్ ఉందని రామన్, భగవంతం కలిసి 1931లో ప్రయోగంతో చూపారు.

అంతకు ముందే, 1930లో, ఆయన వజ్రం మీద పనిచేశారు. వజ్రమంతా కార్బనే. గోదావరిఖని బాయిల్లో తవ్వే బొగ్గులోనూ ఎక్కువ భాగం అదే. అయినా వజ్రపు రామన్ వర్ణపటంలో 1332 cm⁻¹ దగ్గర ఒకే ఒక పదునైన గీత ఉంటుంది. బొగ్గు ముక్కకేమో 1350, 1580 cm⁻¹ ప్రాంతాల్లో వెడల్పాటి గుట్టలు రెండు లేస్తాయి. వజ్రంలో పరమాణువులు వరస తప్పవు, బొగ్గులో చిందరవందరగా ఉంటాయి. తేడా అంతా అక్కడే.

ఎన్ని గీతలు రావాలో ప్రయోగానికి ముందే స్ఫటికం సౌష్ఠవాన్ని బట్టి చెప్పవచ్చు. దానికి పనికొచ్చే గణితం గ్రూప్ థియరీ. 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాక భగవంతం దాన్ని చేతికి తీసుకున్నారు. దాని మీద టి. వెంకటరాయుడుతో కలిసి రాసిన ఇంగ్లిష్ పుస్తకం 1948లో వచ్చింది. ఆయన పనిలో గట్టిగా నిలిచేది ఇదే.

తర్వాతి జీవితం ఎక్కువగా కుర్చీలది: ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, 1960లలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. చాలామందికి ఆయన సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలకు ఇంగ్లిష్ అనువాదకుడిగానే గుర్తు. అయినా 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం తెచ్చారు. 1989లో కన్నుమూశారు. రామగుండం, గోదావరిఖనిల్లో ఫిజిక్స్ చదివే పిల్లలు ఆయన పదవుల జాబితాను పక్కనపెట్టి 1948 నాటి ఆ పుస్తకం ఒకసారి తెరవాలి.